నాటు మూలమందలో ల్యూకోసిస్: జన్యువు చూసి పుంజును ఎంచుకోవాలా, గుడ్డు పరీక్షించి పెట్టను తీసెయ్యాలా?

కావలి_గంప: మన నెల్లూరు, ప్రకాశం వైపు అసిల్, నాటు మూలమందలు (పిల్లల కోసం ఉంచుకునే మందలు) పెంచేవాళ్ళకి ఈమధ్య ఒక సలహా ఎక్కువగా వినపడుతోంది. డీఎన్ఏ పరీక్ష చేయించి, ల్యూకోసిస్ అనే కోళ్ళ గడ్డల రోగం తెచ్చే వైరస్ సోకే వీలులేని పుంజుల్నే పెట్టుకోమంటున్నారు. ఎట్లాగూ టీకా లేదు గదా అని. పెట్టిన ఖర్చుకి ఫలం ఉంటుందా?

ఒంగోలు_జన్యువు: ఉంటుంది. ఈ రెట్రోవైరస్ (తన జన్యువుల్ని కోడి డీఎన్ఏలో కలిపేసే రకం వైరస్) కణంలోకి పోవాలంటే కణం పైనున్న ప్రొటీన్‌ని పట్టుకోవాలి. ఈ వైరస్‌లో ఉపవర్గాలున్నాయి: ఎ ఉపవర్గం టీవీఏ అనే ప్రొటీన్‌ని, సి టీవీసీని, బి, డి, ఇ మూడూ టీవీబీని పట్టుకుంటాయి. టీవీబీ జన్యువులో 'ఆర్' అనే రకం ఉంది. అందులో ప్రొటీన్ తయారీ మధ్యలోనే ఆగిపోతుంది, దాంతో మూడు ఉపవర్గాలకీ ఒకేసారి అడ్డుకట్ట. నమూనా తీయడం కూడా సులువే: రెక్క నరం నుంచి ఒక చుక్క రక్తం వడపోత కాగితం మీద ఆరబెడితే చాలు. కోడి ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి డీఎన్ఏకి కొదవ లేదు.

కోవూరు_వెట్: అన్నా, ఆ 'ఆర్' అంతర్గత (రిసెసివ్) గుణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ రావాలి. ఒక్కటే వచ్చిన కోడికి మామూలు కోడికి సోకినట్టే సోకుతుంది. మందలోని టీవీబీ ప్రతుల్లో దాని వాటా నూటికి 20 అనుకుంటే, రెండూ ఉన్నవి నూటికి 4. 50 కోళ్ళ మందలో రెండు! వాటితోనే మంద కట్టుకుంటే రక్తసంబంధం పెరిగి పొదుగుడు శాతం పడిపోతుంది. డేగా, నెమలా అని రంగు చూసి ఇప్పటికే పుంజుల్ని వడకట్టేసిన మందల్లో ఇంకా కష్టం.

ఒంగోలు_జన్యువు: మంద మొత్తం మార్చక్కర్లేదు. రెండూ ఉన్న పుంజుని మామూలు పెట్టలకి కడితే పిల్లలన్నిటికీ ఒక్కోటి వస్తుంది. ఆ పెట్టల్ని, చుట్టరికం లేని ఇంకో అలాంటి పుంజుకి కడితే సగం పిల్లలు తట్టుకునేవే. రెండు తరాల పని.

కోవూరు_వెట్: మరి జె ఉపవర్గం? అది ఎన్‌హెచ్ఈ1 ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. అందులో 38వ స్థానంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఒక్కటి తీసేసిన కోళ్ళకి జె సోకలేదని 2020లో ప్రేగ్ శాస్త్రవేత్తలు చూపించారు. అయితే అది క్రిస్పర్ అనే జన్యువు కత్తిరించే పద్ధతితో చేసిన మార్పు. పెంపుడు కోళ్ళలో దాదాపు అన్నిట్లో ఆ ట్రిప్టోఫాన్ ఉంది, ఎంచుకోవడానికి ఏముంది? టీవీఏ, టీవీబీ చూసి ధైర్యపడితే జె వచ్చి కూర్చుంటుంది.

గుడ్డు దారి చెప్తా. పెట్టలకి కాలి నంబర్లు వేసి, ఏ గుడ్డు దేనిదో తేలేలా విడివిడి గంపల కింద పెట్టించండి. ఒక్కో పెట్టవి రెండు మూడు గుడ్ల తెల్లసొనలో పీ27 (ఈ వైరస్ ప్రొటీన్) ఉందేమో చూసే ఎలైజా పరీక్ష చేయించండి. వైరస్ విడతలుగా బయటపడుతుంది, ఒక్క గుడ్డుతో తేల్చొద్దు. పాజిటివ్ పెట్ట గుడ్లు పొదిగించొద్దు. యాంటీబాడీ పరీక్ష ఒక్కటే నమ్ముకుంటే మోసపోతారు: గుడ్డులోనే సోకిన పిల్ల ఆ వైరస్‌ని తనదే అనుకుంటుంది, యాంటీబాడీ తయారు చేయదు, పెద్దయ్యాక గుడ్డుగుడ్డుకీ వైరస్ ఎక్కిస్తుంది.

ఒంగోలు_జన్యువు: ఆ పీ27లోనూ జన్యువే అడ్డొస్తుంది సార్. కోడి డీఎన్ఏలోనే ఉండిపోయిన ఇ రకం వైరస్ కూడా పీ27 చేస్తుంది. రోగం లేని పెట్ట పాజిటివ్ వస్తుంది, మంచి రక్తం పోగొట్టుకుంటారు.

కోవూరు_వెట్: నిజమే. అందుకే విలువైన పెట్ట అయితే నమూనాని డీఎఫ్-1 అనే, ల్యాబులో పెంచే కోడి కణాల్లో వారం పైగా పెంచి, ఆ తర్వాత ఎలైజా చేయించాలి. ఆ కణాల్లోకి ఇ రకం పోలేదు; అక్కడ పాజిటివ్ వస్తే బయట నుంచి సోకిందే. ఖర్చు ఎక్కువ, మామూలు పెట్టకి అక్కర్లేదు.

ఆత్మకూరు_పుంజు: ముందు రోగం ఏదో తేల్చుకోండయ్యా. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి చాపి పడిపోయేది ఎక్కువగా మారెక్స్. అది హెర్పిస్ వైరస్, దానికి ఒకటో రోజు టీకా ఉంది. ల్యూకోసిస్ గడ్డలు సాధారణంగా 14 వారాలు దాటాకే, కాలేయంలో, బర్సాలో (మలద్వారం దగ్గరుండే రోగనిరోధక అవయవం).

కావలి_గంప: సంక్రాంతికి బయట నుంచి కొనే పుంజు సంగతేంది?

కోవూరు_వెట్: పుంజు నుంచి నేరుగా గుడ్డులోకి పోదు గానీ, పెట్టలకి అంటిస్తుంది. విడిగా పెట్టి క్లోయకా (మలద్వారం) స్వాబ్‌లో పీ27 చూడండి. టీకాల సూది కోడికోడికీ మార్చండి.

ఒంగోలు_జన్యువు: ఎట్లాగూ ఆ పుంజుని పట్టుకుంటారు గదా, అదే రోజు రక్తం చుక్క కూడా తీయండి. టీవీబీ ఫలితం బాగుంటే ఆ పుంజుని అమ్మొద్దు.