అప్‌డేట్: మా నాయనకు నిద్ర పట్టని సంగతి (అనంతపురం)

శనక్కాయ పంట పోయినాక మా నాయన నిద్రపోక, పలకరించినా పలక్క గోడకేసి చూస్తూ కూర్చుంటాడని, ప్రైవేటులో చూపించే స్తోమత లేదని మూడు నెలల కింద ఇక్కడ అడిగినా. సలహా ఇచ్చినోళ్లందరికీ థాంక్స్.

పనికొచ్చింది టెలి మానస్, అంటే మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు నడిపే ఫోన్ లైను, నంబరు 14416. ఫ్రీ. రాత్రి రెండింటికి చేసినా ఎత్తినారు, తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడినారు. వాళ్ల మాట మీదే పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పోయినాం. డిప్రెషన్ అన్నారు. మాత్రలు అక్కడే ఉచితంగా ఇచ్చినారు. రెండు వారాలైనా మార్పు లేకపోతే అమ్మ ఆపేద్దామనింది. మందు పట్టడానికి టైం పడుతుందని డాక్టర్ ముందే చెప్పుండె కాబట్టి ఆగినాం.

కొందరు చెప్పిన బ్రెయిన్ స్కాన్ అవసరమే రాలేదు. ఆరోగ్యశ్రీ కార్డు ఎవరూ అడగలేదు. తాయెత్తు మాత్రం అమ్మ కట్టించింది, ఇంకా చేతికే ఉంది.

నిన్న పొద్దున నాయనే లేసి బర్రెకు నీళ్లు పెట్టి, టీలో చక్కెర తక్కువైందని అమ్మ మీద అరిసినాడు.