ఒకే రోజు, ఒకే రేటు: రొయ్యల బయ్యర్లది కుమ్మక్కా, మార్కెట్టా?

చెరువుగట్టు (భీమవరం వైపు)
మొన్న మా పట్టుబడికి ముందురోజు సాయంత్రం 100 కౌంట్‌కి (కిలోకి వంద రొయ్యలు తూగే సైజుకి) చెప్పిన రేటు తెల్లారేసరికి కిలోకి 15 రూపాయలు పడిపోయింది. ఒక్క బయ్యర్ దగ్గర కాదండి, ఎవరికి ఫోన్ చేసినా అదే 15. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన కౌంట్ల లిస్టు కూడా అందరిదీ ఒకటే, చివర్లో పెట్టిన దండం బొమ్మతో సహా. చెరువులో ఆక్సిజన్ పడిపోతుంటే రెండ్రోజులు ఆగి చూద్దామన్నా కుదరదు కదా. ఇది కుమ్మక్కు (కార్టెల్) కాదా? పోటీ చట్టాన్ని అమలు చేసే సీసీఐకి (కాంపిటీషన్ కమిషన్‌కి) రాస్తే పనవుతుందా, లేక ఆ చట్టం సిమెంటు కంపెనీలకీ గూగుల్‌కీ మాత్రమేనా?

కౌంట్ ఏజెంట్
ఎవరు కొన్నా సరుకు చివరికి వెళ్ళేది అమెరికాకో చైనాకో. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు ప్రకటించగానే రేట్లు పడ్డాయి. అప్పుడు బయ్యర్లంతా ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నారా? వార్త ఒకటైతే రేటూ ఒకటే అవుతుంది. పక్కవాడు 15 తగ్గించి కొంటున్నాడని తెలిశాక నేను పాత రేటుకి ఎందుకు కొనాలండి?

పాలకొల్లు వకీలు
ఏజెంట్ గారూ, రేటు కలిసినంత మాత్రాన కుమ్మక్కు కాదన్న మాట కోర్టులో నిలబడుతుంది. 2018లో గ్యాస్ సిలిండర్ల కంపెనీల కేసులో సుప్రీంకోర్టు ఇంచుమించు అదే చెప్పింది. ఇండియన్ ఆయిల్ టెండర్‌లో ఒకేలాంటి రేట్లు వేశారని సీసీఐ 2012లో జరిమానాలు వేస్తే, వాటిని కొట్టేసింది. సిలిండర్లు కొనేది ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు మూడే, సరుకు ఎలా ఉండాలో చెప్పేదీ వాళ్ళే, అలాంటి చోట రేట్లు దగ్గరగా ఉండటంలో వింత లేదంది.

కానీ అంతకు ఏడాది ముందు అదే కోర్టు ఇంకో కేసులో కుమ్మక్కు జరిగిందని ఒప్పుకుంది. మన తణుకు, తాడేపల్లిగూడెం గోడౌన్లలో బస్తాలకి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు తెలుసు కదా. 2009లో వాటికి ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) టెండర్ పిలిస్తే మూడు కంపెనీలు కిలో 388 రూపాయలని వేశాయి. ఫ్యాక్టరీలు వేరు, ఖర్చులు వేరు, రేటు మాత్రం ఒకటే. అంతకుముందు టెండర్లలోనూ ఇదే వరస. దీన్ని కాకతాళీయం అంటే కోర్టు నమ్మలేదు.

అసలు తమాషా జరిమానాలో ఉంది. సీసీఐ మొత్తం టర్నోవర్ మీద లెక్కగట్టి ఒక కంపెనీకి 252 కోట్లు వేసింది. బిళ్ళల వ్యాపారం వరకే లెక్కలోకి తీసుకోవాలని ట్రిబ్యునల్ దాన్ని 7 కోట్ల లోపుకి దించింది, సుప్రీంకోర్టు కూడా సరేనంది. 2023 సవరణలో పార్లమెంటు మళ్ళీ తిరగేసింది: టర్నోవర్ అంటే ప్రపంచం మొత్తంలో, అన్ని సరుకుల మీదా వచ్చేదని. ఈ చట్టం పెరుగుతున్నది ఇలా తాడులాటలోనే. 1969 నాటి ఎంఆర్‌టీపీ (గుత్తాధిపత్యాల) చట్టానికి కంపెనీ ఎంత పెద్దదన్నదే బెంగ. దాని బదులు వచ్చిన 2002 పోటీ చట్టం నువ్వేం చేశావని అడుగుతుంది. అందులో కుమ్మక్కుల సెక్షన్లు అమల్లోకి వచ్చింది 2009 మే 20న.

మీ సంగతికొస్తే, కుమ్మక్కుల గురించి చెప్పే సెక్షన్ 3(3)లో అమ్మకపు ధరతో పాటు కొనుగోలు ధర కూడా ఉంది. కాబట్టి కొనేవాళ్ళు కలిసి రేటు తొక్కితే చట్టం అందదనుకోవద్దు.

కోనసీమ కొబ్బరాకు
వకీలు గారూ, 2009 టెండర్ సంగతి 2017కి తేలిందంటున్నారు. మా చెరువు ఎనిమిదేళ్ళు ఆగుతుందా? 2024 మార్చిలో వచ్చిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాలో పెద్ద కంపెనీలకి ముందే గీత గీద్దామన్నారు, తప్పు చేసేదాకా ఆగకుండా. ఫోన్లో యాప్‌కి ఉన్న ఆ మర్యాద రొయ్యకి ఎందుకు లేదు?

లెక్కల మాస్టారు
ఆ ముసాయిదా ఇంకా చట్టం కాలేదు బాబూ. పైగా అది వేళ్ళమీద లెక్కపెట్టగలిగే కంపెనీల కోసం. మన దగ్గర చిన్నా పెద్దా కలిపి ఎంతమంది బయ్యర్లు! అందరి మీదా ముందే ఆంక్షలు పెడితే చిన్నవాళ్ళు తప్పుకుని పెద్ద ప్లాంట్లే మిగులుతాయి. అప్పుడు కుమ్మక్కు ఇంకా సులువు.

ఇంకోటి. 2011లో కోనసీమ వరి రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు గుర్తుందా? ఉత్పత్తి తగ్గిద్దామని కలిసి అనుకోవడం కూడా అదే 3(3)లో ఉంది. మీ పెద్దాళ్ళనీ బోనెక్కించమంటారా?

కోనసీమ కొబ్బరాకు
మాస్టారూ, గిట్టుబాటు కాక నారు పోయనివాడూ, రేటు తొక్కి లాభం మిగుల్చుకున్నవాడూ ఒకటేనా?

పాలకొల్లు వకీలు
న్యాయంగా ఒకటి కాదు. కానీ మాస్టారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. అమెరికాలో రైతులు సంఘంగా కలిసి అమ్ముకోవడానికి 1922లోనే విడిగా చట్టం చేశారు. మన పోటీ చట్టంలో రైతులకంటూ సెక్షన్ లేదు. సెక్షన్ 54 కింద కేంద్రం తలుచుకుంటే మినహాయింపు ఇవ్వొచ్చు, అంతే. నన్నడిగితే ముందు అడగాల్సింది అది.

చెరువుగట్టు గారూ, ఫిర్యాదు చేయాలంటే మూడేళ్ళ లోపు చేయాలి, ఇదీ 2023లో పెట్టిందే. ఒక్కరోజు రేటు చాలదు. ఎక్స్‌పోర్ట్ రేటు కదలని రోజున కూడా ఇక్కడ అందరూ ఒకేసారి తగ్గించారా అన్నది తేదీలతో చూపించాలి. లిస్టు ముందు ఎవరి ఫోన్ నుంచి వచ్చిందో కూడా. ఎందుకంటే ఆ సవరణతో, తాను ఆ సరుకు కొనకపోయినా మధ్యలో ఉండి కుమ్మక్కు నడిపినవాడు కూడా భాగస్తుడే.

కౌంట్ ఏజెంట్
అంటే లిస్టు పెట్టిన పాపానికి నేను ముద్దాయినా? రేపట్నుంచి పెట్టను. రైతులే తెల్లారగట్ల ఇంటింటికీ ఫోన్ చేసి కనుక్కోండి.

పాలకొల్లు వకీలు
కంపెనీ ఇస్తానన్న రేటు రైతుకి చెప్పడం నేరం కాదండి, నిక్షేపంగా పెట్టండి. రేపటి రేటు ఎంత చేద్దామని పోటీ బయ్యర్లే ముందుగా మాట్లాడుకునే గ్రూపు ఇంకొకటి ఉందంటున్నారు. దాని సంగతి చెప్పండి. మీరు అందులో ఉన్నారా, లేరా?