టేస్టింగ్ ఫ్లైట్ అంటే ఒక బీరా, నాలుగా? ప్రయాణాల్లో క్రాఫ్ట్ బీర్, ఫిట్‌నెస్ గురించి చర్చ

పరుగుబాట (ఉదయం 6:48)
పదకొండేళ్లుగా పరిగెడుతున్నాను. ఏ ఊరు వెళ్లినా అక్కడి చిన్న బ్రూవరీని వెతుక్కుంటూ వెళ్లడం నాకున్న ఇంకో పిచ్చి. ఈ రెండూ కలిసి నడవవని తెలిసినవాళ్లందరూ నాకు క్లాసు పీకుతుంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కిందటి నెల బ్రసెల్స్‌లో వారం రోజులు ఉన్నాను. రోజూ పొద్దున 8 కిలోమీటర్ల పరుగు, సాయంత్రం ఒక బీర్. తిరిగొచ్చి తూకం చూసుకుంటే అర కిలో తగ్గాను! కాంటియోన్‌కి కూడా వెళ్లాను. 1900 నుంచి నడుస్తున్న బ్రూవరీ. అక్కడ లాంబిక్ అనే పుల్లటి బీరుకి ఈస్ట్ కలపరు, కాచిన ద్రవాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్టిలో ఆరబెడితే గాలిలోని ఈస్టే దిగి పులియబెడుతుంది. అందుకే చలి నెలల్లోనే కాస్తారు. అలాంటి చోటికి వెళ్లి మంచినీళ్ల సీసా పట్టుకుని నిలబడమంటే నా వల్ల కాదు. బెల్జియం బీర్ సంస్కృతిని యునెస్కో 2016లో తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

నా నియమం ఒక్కటే: పొద్దున పరిగెత్తని రోజు సాయంత్రం బీర్ లేదు. మీరెలా నెట్టుకొస్తున్నారు?

దారిలో_ఉన్నా (7:05)
ఒక బీర్ అంటే ఎంత సైజు బ్రో?

పరుగుబాట (7:11)
ఎక్కువగా టేస్టింగ్ ఫ్లైట్ తీసుకుంటాను. నాలుగు చిన్న గ్లాసులు, ఒక్కోటి 150 మిల్లీలీటర్లు. అన్నీ కలిపితే ఒక బీర్, అంతే.

లెక్కలపుస్తకం (8:30)
అంతే కాదు సార్.

నాలుగు 150లు అంటే 600 మిల్లీలీటర్లు. బెల్జియంలో ట్రిపెల్ అనే ఘాటు బీరులో ఆల్కహాల్ 8, 9 శాతం ఉంటుంది, వెస్ట్‌వ్లెటెరెన్ 12 అనే బీరులో అయితే 10.2. సగటున 8 వేసుకున్నా 48 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే దాదాపు 38 గ్రాములు. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాములు, కాబట్టి మీ ‘ఒకటి’ 2.7 అయింది. బ్రిటన్ లెక్కలో యూనిట్ 8 గ్రాములు, వారానికి 14 యూనిట్లు దాటొద్దని అక్కడి సలహా. ఈ లెక్కన మీ వారం కోటా మూడు సాయంత్రాల్లో అయిపోతుంది, మిగతా నాలుగు రోజులు ఎవరి ఖాతాలో?

కేలరీలకొస్తే, ఆల్కహాల్ గ్రాముకి 7. అక్కడే 265. బీరులో మిగిలిన పిండిపదార్థాలు కలిపితే 350 దాటుతుంది. గ్లాసు చిన్నదైనంత మాత్రాన బీరు చిన్నదవ్వదు.

అర కిలో తగ్గడం గురించి ఒక మాట. శరీరంలో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ని ఆల్కహాల్ అణిచేస్తుంది. రోజూ చెమట, రోజూ బీరు. మీరు తగ్గింది కొవ్వో నీళ్లో తూకం చెప్పదు.

నురగ_నేస్తం (8:41)
మాస్టారు పొద్దున్నే సుద్దముక్క అందుకున్నారు 😀

పరుగుబాట (9:02)
8 శాతం ఎక్కడి నుంచి తెచ్చారు? లాంబిక్, లాంబిక్‌లని కలిపి చేసే గూజ్ రకాలు 5, 6 మధ్య ఉంటాయి. నేను తాగినవి ఏవో అడగకుండానే సగటు కట్టేశారు. 8 కిలోమీటర్ల పరుగుకి నా బరువుకి 550 కేలరీలు ఖర్చు. మీరన్న 350 పోయినా నాకింకా మిగులే!

పైగా బీరు, పరుగు ఈ రోజు కొత్తగా కలవలేదు. హ్యాష్ హౌస్ హ్యారియర్స్ అని 1938లో కౌలాలంపూర్‌లో మొదలైన క్లబ్బు ఉంది, పరిగెత్తడం, పరుగయ్యాక బీరు తాగడం, అదే వాళ్ల పద్ధతి. ఇప్పటికీ చాలా దేశాల్లో నడుస్తోంది, కొత్త ఊరికి వెళ్లినవాళ్లకి అంతకన్నా మంచి తోడు దొరకదు. బీర్ మైల్ అని పందెమే ఉంది. నాలుగు బీర్లు, నాలుగు ల్యాప్‌లు. 2014లో జేమ్స్ నీల్సన్ దాన్ని 4 నిమిషాల 57 సెకన్లలో ముగించాడు. మ్యూనిక్ మారథాన్ పరుగువీరుల మీద చేసిన పరిశోధనలో బీరు తాగినవాళ్లకి జలుబూ గొంతునొప్పీ తక్కువ వచ్చాయని కూడా తేలింది.

నురగ_నేస్తం (9:09)
బీర్ మైల్‌లో కక్కుకుంటే పెనాల్టీగా ఇంకో ల్యాప్ పరిగెత్తాలి. ఆ రూల్ మన ప్రయాణాలకీ పెట్టాలి.

లెక్కలపుస్తకం (9:40)
మ్యూనిక్ పరిశోధన పూర్తిగా చదివారా? 2009 మారథాన్‌కి 277 మందిని తీసుకుని, వాళ్లలో దాదాపు సగం మందికి ముందు మూడు వారాలు, తర్వాత రెండు వారాలు బీరు ఇచ్చారు. ఇచ్చింది ఆల్కహాల్ లేని బీరు. మేలు చేసింది బీరులోని పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు అన్నారు తప్ప ఆల్కహాల్ కాదు. మీ వాదనకి మీరే గొయ్యి తవ్వుకున్నారు. నీల్సన్ ఐదు నిమిషాలు కూడా తాగలేదు, మీరు వారం తాగారు.

నేనూ ఒకటి చెప్తాను. 2014లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగం. గట్టి వ్యాయామం అయ్యాక ఆల్కహాల్ తాగిస్తే కండరాల మరమ్మతు, అంటే కొత్త ప్రొటీన్ తయారీ, ప్రొటీన్ తోడుగా ఇచ్చినా 24 శాతం తగ్గింది. ప్రొటీన్ బదులు పిండిపదార్థాలు ఇచ్చినప్పుడు 37 శాతం. పొద్దున కట్టిన గోడని సాయంత్రం కూలగొడుతున్నారు మీరు.

పరుగుబాట (9:58)
ఆ ప్రయోగం నేనూ చదివాను మాస్టారూ. కిలో బరువుకి 1.5 గ్రాముల ఆల్కహాల్ ఇచ్చారు. నాకు 70 కిలోలు, అంటే 105 గ్రాములు. మీ లెక్క ప్రకారమే నా ఫ్లైట్‌కి దాదాపు మూడింతలు. గొయ్యి ఎవరు తవ్వుకున్నారు ఇప్పుడు?

దారిలో_ఉన్నా (10:04)
ఇద్దరూ తవ్వారు. బావి అయింది.

రాత్రిడ్యూటీ (11:20)
ఆసుపత్రిలో పని చేస్తాను, కాబట్టి క్లుప్తంగా. పరుగుకీ బీరుకీ మధ్య జమాఖర్చుల పుస్తకం నడపడమే తప్పు. ఆల్కహాల్‌ని కాలేయం తన వేగంతోనే వదిలించుకుంటుంది, గంటకి సుమారుగా ఒక డ్రింక్. పరిగెత్తినా, చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. అది వదిలేదాకా కొవ్వు కరిగించే పని వెనక్కి జరుగుతుంది.

ప్రయాణంలో అసలు దెబ్బ నిద్రకి. కొత్త మంచం, మారిన టైమ్‌జోన్, దానికి తోడు రాత్రి పదింటికి స్టౌట్ లాంటి నల్ల బీరు. వెంటనే నిద్ర పడుతుంది గానీ రెండో సగం ముక్కలైపోతుంది, గుండె వేగం రాత్రంతా పైనే ఉంటుంది. వాచీ పెట్టుకునేవాళ్లు ఒకసారి గమనించండి. తాగేవాళ్లు తిండితో పాటు, పెందలాడే, గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నీళ్లతో ముగించేయండి. తాగి బండి తీయకండి. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని 1988 నుంచీ చెప్తున్నారు, ఏ మోతాదూ పూర్తిగా సురక్షితం కాదని డబ్ల్యూహెచ్‌ఓ 2023లో మళ్లీ చెప్పింది. తెలిసి తాగడం వేరు, ఆరోగ్యం పేరు చెప్పి తాగడం వేరు.

నల్లబీరు (11:52)
స్టౌట్ అనగానే అందరూ భయపడతారు. గిన్నెస్ డ్రాట్ అనే స్టౌట్ 4.2 శాతమే, 355 మిల్లీలీటర్లకి 125 కేలరీలు. లాగర్ అనే మామూలు లేతరంగు బీర్లలో చాలావాటి కంటే తక్కువ. మబ్బుగా, పళ్లరసంలా కనిపించే ఐపీఏ రకం బీర్లు 7 శాతం దాకా ఉంటాయి, అవి చూడ్డానికి అమాయకం. రంగు చూసి మోసపోకండి, సీసా మీద ఏబీవీ, అంటే ఆల్కహాల్ శాతం, చదవండి.

లెక్కలపుస్తకం (12:15)
అందరి సలహాలూ బాగున్నాయి. పరుగుబాట గారు మాత్రం నా ప్రశ్నకి ఇంకా జవాబు చెప్పలేదు. ఫ్లైట్ ఒకటా, నాలుగా?

పరుగుబాట (12:31)
బిల్లులో ఒకటి అనే ఉంటుంది.

లెక్కలపుస్తకం (12:33)
బిల్లుకి కాలేయం ఉండదు.

పరుగుబాట (12:50)
మీకెందుకండీ ఇంత కడుపుమంట? పొద్దున్నుంచి ఒకే ముక్క పట్టుకుని వేలాడుతున్నారు. మీరు తాగరు, సంతోషం. మీరు తాగరు కాబట్టి లోకమంతా మహా జాగ్రత్తగా కొలగ్లాసు పట్టుకుని తిరగాలా? నా రెస్టింగ్ హార్ట్ రేట్ 52. పది కిలోమీటర్లు 47 నిమిషాల్లో పరిగెడతాను. మీ టైమ్ ఎంతో చెప్పండి, తర్వాత నాకు పాఠం చెబుదురుగాని.

నురగ_నేస్తం (12:52)
అయ్యో.

లెక్కలపుస్తకం (1:37)
చెప్తాను. 44 నిమిషాల 10 సెకన్లు. మూడేళ్ల కిందట.

ఆ టైమ్ వచ్చిన నెలలోనే నాకు ఫ్యాటీ లివర్ అని రిపోర్టు వచ్చింది. డాక్టరు ‘తాగుతారా’ అంటే ‘రోజుకి ఒకటి, అదీ ప్రయాణాల్లోనే’ అన్నాను. అబద్ధం చెప్తున్నానని నాకే తెలియలేదు. నా ఉద్యోగంలో నెలకి పన్నెండు రోజులు ప్రయాణమే. మొదట్లో ఒకటి అంటే 330. తర్వాత 500. తర్వాత ఫ్లైట్. పేరు మారలేదు, ఒకటే. పరుగుల డైరీ మాత్రం సెకన్లతో సహా రాసేవాణ్ణి. అందులో ఏ పేజీలోనూ బీరు లేదు.

మీ మొదటి పోస్టు నా డైరీలా ఉంది. అందుకే వేలాడుతున్నాను. లెక్క తప్పని కాదు.

రాత్రిడ్యూటీ (1:45)
🙏

పరుగుబాట (2:10)
అది మీ సంగతి. బాధగా ఉంది, నిజంగా. కానీ మీకు జరిగింది నాకు జరుగుతుందని ఎలా అంటారు? నేను నెలకి పన్నెండు రోజులు తిరగను. ఏడాదికి రెండు ట్రిప్పులు. ఎవరికీ ఇబ్బంది పెట్టట్లేదు.

వెనకసీటు (3:26)
ఎవరికీ ఇబ్బంది లేదు అన్న మాట దగ్గర ఆగిపోయాను. పొద్దున్నుంచి చదువుతున్నాను, ఇంతమందిలో ఒక్కరూ ఆ పక్కకి రాలేదు.

మా ఆయనది కూడా ఇదే సిద్ధాంతం. పొద్దున పరుగు, సాయంత్రం క్రాఫ్ట్ బీర్. పరుగంటే గంట కాదు. పరుగు, సాగదీతలు, స్నానం, అలసట తీరడం అన్నీ కలిపి పది అవుతుంది. నాలుగున్నరకి ‘ఇక్కడికి దగ్గర్లోనే ఒక బ్రూవరీ ఉంది’. దగ్గర అంటే రెండు ట్రాములు మారాలి. అక్కడ మూడు గంటలు. గ్లాసు వెలుతురుకి పట్టి చూడటం, ఫోటో, యాప్‌లో రేటింగ్. పాపకి ఒక రంగుల పుస్తకం, నాకు ఒక కుర్చీ. రాత్రి తొమ్మిదికల్లా నిద్ర, ఎందుకంటే పొద్దున మళ్లీ పరుగు.

కిందటి ట్రిప్‌లో నేను చూడాలని మ్యాప్‌లో పద్నాలుగు చోట్ల నక్షత్రాలు పెట్టుకున్నాను. మూడు చూశాను. ఇంటికొచ్చాక ఆయన అందరికీ చెప్పింది, ‘ప్రయాణంలో కూడా బ్యాలెన్స్ తప్పలేదు’ అని. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటారు, మా ఇంట్లో ఆ రెండూ ఒకరికే దొరికాయి.

ఆ బీరు ఎన్ని గ్రాములో మీరు తేల్చుకోండి. గంటల లెక్క ఎవరైనా వేశారా?

నల్లబీరు (3:40)
మేడమ్, మా ఇంట్లో వాళ్లు మీకేమైనా ఫోన్ చేశారా?

దారిలో_ఉన్నా (3:44)
గుమ్మడికాయల దొంగ అంటే ఎంతమంది భుజాలు తడుముకుంటున్నారో చూడండి. నాతో సహా.

పరుగుబాట (4:02)
అందరి ఇళ్లూ మీ ఇల్లు కాదండీ.

వెనకసీటు (4:09)
మీ ఇంటి గురించి నేనేమీ అనలేదు. మీ పోస్టులో ‘ఉన్నాను, వెళ్లాను, తాగాను’ అనే ఉంది. పక్కన ఎవరూ కనిపించలేదు, అంతే.

మోడరేటర్ (4:15)
వ్యక్తిగత విషయాల్లోకి వెళ్లకండి. బ్రూవరీ పేర్లతో వచ్చిన రెండు ప్రకటన పోస్టులు తీసేశాను.

పరుగుబాట (9:20)
సాయంత్రమంతా ఈ పేజీ తెరిచే ఉంది.

బ్రసెల్స్‌కి ఒక్కణ్ణే వెళ్లాను. ఇద్దరికీ టికెట్లు చూశాం. ‘నువ్వు వెళ్లిరా, నేను ఇంట్లోనే హాయిగా ఉంటా’ అంది. నాకు భలే అనిపించింది, టైమంతా నాదే కదా అని. ఆ మాట ఎందుకు అందో ఆలోచించలేదు.

లెక్కలపుస్తకం గారూ, మీరడిగింది. ఫోన్లో ఫోటోలు ఉన్నాయి, ఆఖరి రోజు ఫ్లైట్ చూసి రాస్తున్నాను. గూజ్ రెండు, రెండూ 5.5. ఒక ట్రిపెల్ 9. ఒకటి క్వాడ్రుపెల్, ట్రిపెల్ కంటే ఘాటుది, 10. ఒక్కోటి 150. మీరే కట్టండి.

లెక్కలపుస్తకం (9:34)
45 మిల్లీలీటర్ల ఆల్కహాల్. 35.5 గ్రాములు. అమెరికా డ్రింకుల్లో రెండున్నర. నేను 2.7 అన్నాను, కొంచెం ఎక్కువ చెప్పాను. 8 శాతం సగటు అడగకుండా వేయడం తప్పే.

పరుగుబాట (9:36)
రెండున్నర. సరే.

నురగ_నేస్తం (9:37)
గంటల లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు!

దారిలో_ఉన్నా (9:50)
టాపిక్ మారుస్తున్నందుకు సారీ. వచ్చే నెల బ్రసెల్స్ వెళ్తున్నాం, నలుగురం. పొద్దున పరుగుకి మంచి చోటు ఏది బ్రో?

పరుగుబాట (10:03)
ఊరికి దక్షిణాన బ్వా ద లా కాంబ్ర అని అడవిలాంటి పార్కు ఉంది. లోపల పెద్ద చెరువు, చెరువు మధ్యలో ఒక దీవి, అక్కడికి చిన్న పడవలో వెళ్లొచ్చు. దీవి మీద ఏముందో నాకు తెలియదు. చెరువు చుట్టూ మాత్రం రోజూ పరిగెత్తాను.