ఒకే ముఠా, నాలుగు దేశాలు: కేసు ఎవరిది?

లా_చదువరి:
యూరప్‌లో సరిహద్దులు దాటే క్రిమినల్ కేసుల మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను, ఒక డౌట్ దగ్గర రెండు రోజులుగా ఆగిపోయా. మనుషుల్ని ఒక దేశంలో లారీ ఎక్కిస్తారు, ఇంకో దేశం రేవు దాటిస్తారు, మూడో దేశంలో శవాలు దొరుకుతాయి, డబ్బు ఇంకెక్కడో చేతులు మారుతుంది. మరి కేసు ఎవరు నడపాలి? ఇంటర్‌పోల్ వాళ్లొచ్చి పట్టుకుంటారు అనుకునేవాణ్ణి, ఆ మాట అంటే మా ప్రొఫెసర్ గారు నవ్వేశారు. పైగా యూరోపియన్ యూనియన్ సంస్థలు యూరోపోల్, యూరోజస్ట్ రెండూ నెదర్లాండ్స్‌లోని హేగ్‌లోనే ఉన్నాయట, రెండెందుకు?

ఫైలు_పురుగు:
అందరూ అలాగే అనుకుంటారు లెండి, సినిమాల పుణ్యం. ఇంటర్‌పోల్‌కి సొంతంగా అరెస్టు చేసే అధికారమే లేదు, 196 సభ్య దేశాల పోలీసుల మధ్య సమాచారం అటూ ఇటూ చేరవేస్తుంది. రెడ్ నోటీస్ కూడా వారెంటు కాదు. ఫలానా మనిషి మాకు కావాలి, కనిపిస్తే ఆపండి అని పంపే వినతి, అంతే. ఆపాలా వద్దా అన్నది ఆ దేశం చట్టం చూసుకుంటుంది.

యూరోపోల్ పోలీసుల పక్షం: సమాచారం, విశ్లేషణ. యూరోజస్ట్ 2002లో మొదలైంది, అందులో ఉండేది ప్రాసిక్యూటర్లు, జడ్జీలు. వాళ్లు కూడా వెళ్లి తలుపులు కొట్టరు. ఏ దేశం ఏం చెయ్యాలో కూర్చుని తేల్చుకునే చోటు అది.

సముద్రతీరం:
మీరు రాసింది అచ్చం 2019 ఎసెక్స్ లారీ కేసే. అక్టోబరు 23న బ్రిటన్‌లో ఒక కంటైనర్ తలుపు తీస్తే 39 మంది వియత్నాం వాళ్లు, అందరూ ఊపిరాడక చనిపోయారు. కంటైనర్ ఓడెక్కింది బెల్జియంలోని జీబ్రగ్ రేవులో. బ్రిటన్, బెల్జియం, ఫ్రాన్స్, ఐర్లాండ్ కలిసి ఉమ్మడి దర్యాప్తు బృందం (అందరూ జేఐటీ అంటారు) పెట్టుకున్నాయి. జేఐటీ లాభమేంటంటే, ప్రతి ఫోన్ రికార్డుకీ వేరే లేఖ రాసి, అనువాదం చేయించి, నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు, బృందంలోని వాళ్లు దొరికింది నేరుగా పంచుకోవచ్చు. 2020 మే 26న బెల్జియంలో 13 మందిని, ఫ్రాన్స్‌లో 13 మందిని ఒకే రోజు పట్టుకున్నారు. ఒక దేశంలో ముందురోజు తలుపు తట్టినా రెండో దేశంలో ఫోన్లన్నీ కాలవలో ఉండేవి.

తర్వాత కేసు ఒక్కచోట నడిచిందా అంటే, లేదు. డ్రైవర్లు, రవాణా ఏర్పాటు చేసినవాళ్ల కేసు బ్రిటన్‌లో, ఇళ్లు, టాక్సీలు సర్దినవాళ్ల కేసు బెల్జియంలో. అక్కడ ముఠా నాయకుడికి 2022 జనవరిలో 15 ఏళ్ల జైలు పడింది. పంచుకున్నారన్నమాట.

ఫైలు_పురుగు:
ఒక్క ముచ్చట, పుస్తకాల్లో సరిగ్గా రాయరు. బెల్జియంలో మామూలుగా రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా ఇల్లు సోదా చేయకూడదు. ఫ్రాన్స్‌లో ఉదయం 6 కొట్టేదాకా ఆగాలి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. అంటే రెండు చోట్లా ఒకేసారి దిగాలంటే 6 గంటలే. ఇలాంటి చిన్న లెక్కలకే గంటల కొద్దీ మీటింగులు పడతాయి.

ఇంకోటి, ఇది నాకు అసలైన టెన్షన్ అనిపిస్తుంది. షెంగెన్ (యూరప్‌లో లోపలి సరిహద్దుల దగ్గర తనిఖీలు ఎత్తేసుకున్న దేశాల ఏర్పాటు) అమలు ఒప్పందం 54వ అధికరణం ప్రకారం ఒక సభ్య దేశంలో తుది తీర్పు వచ్చాక అవే పనులకు అదే మనిషిని ఇంకో సభ్య దేశంలో విచారించకూడదు, శిక్ష పడితే దాన్ని అనుభవించి ఉండటమో, అనుభవిస్తూ ఉండటమో, చట్టప్రకారం ఇక అమలు చేయలేకపోవడమో మాత్రం కావాలి. అందుకే ఎవరో తొందరపడి చిన్న కేసు పెట్టి ఆర్నెల్ల శిక్షతో ముగించేస్తే, పక్క దేశంలో మూడేళ్లుగా కడుతున్న పెద్ద కేసు గల్లంతయ్యే ప్రమాదం ఉంది. ముందే మాట్లాడుకోవాలి అనేది అందుకే.

లా_చదువరి:
చాలా థ్యాంక్స్ అండీ. మరి నిందితుణ్ణి అప్పగించడమే కుదరకపోతే?

సముద్రతీరం:
ఎంహెచ్17 చూడండి. 2014 జులై 17న తూర్పు ఉక్రెయిన్ మీద ఈ మలేసియా ఎయిర్‌లైన్స్ విమానాన్ని క్షిపణితో కూల్చేస్తే 298 మంది పోయారు. నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, బెల్జియం, మలేసియా, ఉక్రెయిన్ జేఐటీలో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్‌ పెట్టాలంటే 2015లో రష్యా వీటో వేసింది. ఉక్రెయిన్ రాజ్యాంగమేమో సొంత పౌరుల్ని అప్పగించనివ్వదు. చివరికి నెదర్లాండ్స్‌లో విచారిద్దామని 2017లో ఒప్పుకున్నారు. 2022 నవంబరులో ముగ్గురికి యావజ్జీవం వేశారు, ఒకరిని వదిలేశారు. ఆ ముగ్గురిలో ఒక్కరూ కోర్టులో లేరు.