నడుస్తున్న ఫ్యానును గడువు వచ్చిందని విప్పాలా?

సిమెంటు మెకానికల్
మా ప్లాంటులో ఒక వాదన తెగడం లేదు. మీ అందరి అనుభవం కావాలి. కిల్ను (సిమెంటు కాల్చే పెద్ద గొట్టపు బట్టీ) పొగను లాగే ఐడీ ఫ్యాను బేరింగులను ఏటా పెద్ద షట్‌డౌన్‌లో మార్చడం మా దగ్గర ఆనవాయితీ. బాగున్నాయా లేదా అన్న ప్రశ్నే లేదు, గడువు వస్తే మార్చాల్సిందే. ఈసారీ మార్చాం. తీసిన పాత బేరింగును డీజిలుతో కడిగి చూస్తే రోలర్ల మీద గీత కూడా లేదు. కొత్తది మాత్రం కిల్ను వెలిగించిన వారంలోపే వేడెక్కింది. 95 డిగ్రీలు దాటగానే ఫ్యాను ట్రిప్ అయి దానంతటదే నిలిచిపోయింది, కిల్ను ఆగింది, మంట మండే చోట ఇటుక రాలింది. ఇకపై గడువులు వద్దు, వైబ్రేషన్, ఉష్ణోగ్రత చూసి అవసరమైతేనే విప్పండి అని పైవాళ్ళు అంటున్నారు. నాకూ అదే న్యాయంగా కనిపిస్తోంది. మా ఫోర్‌మన్ మాత్రం ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

వైబ్రేషన్ డైరీ
మీ పైవాళ్ళు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలన్, హీప్ అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. విమాన భాగాలు ఎలా చెడిపోతున్నాయో ఏళ్ళ తరబడి చూసి రాసిన నివేదిక అది. వయసు పెరిగేకొద్దీ చెడిపోయే అవకాశం పెరిగే భాగాలు 11 శాతమే ఉన్నాయి. 68 శాతం భాగాలకు అసలు ప్రమాదం బిగించిన తొలి రోజుల్లోనే. ఆ గండం దాటితే తర్వాత ఎప్పుడు చెడినా వయసుతో సంబంధం ఉండదు. అంటే బాగున్న యంత్రాన్ని విప్పిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ ఆ తొలి రోజుల గండంలోకి నెడుతున్నాం. మీ ఫ్యానుకు జరిగింది అచ్చంగా ఇదే. నెలకోసారి రీడింగు తీసి గ్రాఫు గీయండి. బేరింగు చెడిపోయే ముందు వారాల తరబడి సూచన ఇస్తుంది. గడువు పేరుతో విప్పడం కేవలం అలవాటు, దాని వెనుక లెక్క లేదు.

బాయిలర్ గది
హౌసింగు నిండా గ్రీజు కుక్కి ఉంటారు. ఖాళీలో మూడో వంతు, మహా అయితే సగం. అంతకు మించితే కొత్త బేరింగు వేడెక్కక ఏమవుతుంది?

నూలు మిల్లు
విమానాల లెక్క తెచ్చి నేల మీది యంత్రాలన్నింటికీ అంటగడితే ఎలా? మా రింగు ఫ్రేముల్లో ట్రావెలర్ అనే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. నిమిషానికి వేలసార్లు రింగు చుట్టూ తిరుగుతుంది, రోజురోజుకూ అరుగుతుంది. దాన్ని రోజుల లెక్కన మార్చాలి. దారం తెగడం మొదలయ్యాక మార్చుకుందాం అంటే అప్పటికే నూలు మీద నూగు లేచి, సరుకు వెనక్కి వచ్చి ఉంటుంది. రోలర్లకు తొడిగే రబ్బరు కాట్స్ సానపట్టడం కూడా తేదీ ప్రకారమే. మీ సిమెంటులో మాత్రం? క్రషర్ సుత్తులు, మిల్లు లైనర్లు, కిల్ను ఇటుక అరగడం లేదా?

వైబ్రేషన్ డైరీ
అరిగే వస్తువుల సంగతి నేను కాదనలేదు. ఆ 11 శాతంలో అవే ఉన్నాయి. చర్చ బేరింగు గురించి.

పాత ఫిట్టర్
బేరింగు గురించే అయితే నాదొక ప్రశ్న. ఫీలర్ గేజితో, అంటే సన్నని రేకుల కొలబద్దతో, రోలరు పైన సందు కొలిచారా? ఐడీ ఫ్యానుకు ఉండేది షాఫ్టుకు తొడిగే ఏటవాలు గొట్టం, అదే అడాప్టర్ స్లీవు, మీద కూర్చునే స్ఫెరికల్ రోలర్ బేరింగు. బిగించే ముందు పైరోలరు మీద సందు ఎంతో కొలిచి రాసుకోవాలి. నట్టు బిగించేకొద్దీ బేరింగు స్లీవు మీదికి ఎక్కుతుంది, సందు తగ్గుతుంది. 150 మిల్లీమీటర్ల బోరుకు ఆ తగ్గుదల 0.075 నుంచి 0.100 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తక్కువ తగ్గితే స్లీవు షాఫ్టు మీద జారుతుంది. ఎక్కువ తగ్గితే రోలర్లు ఇరుక్కుని ఇలాగే మాడతాయి. ఆ రెండు అంకెలు చెప్పండి. అవి లేకుండా గడువు తప్పా, విప్పడం తప్పా అని ఎన్ని పేజీలు రాసుకున్నా గాలిలో కత్తి తిప్పడమే.

సిమెంటు మెకానికల్
అంకెలు నా దగ్గర లేవండి. చెక్‌లిస్టులో 'బేరింగు బిగించబడినది' అని టిక్కు మాత్రం ఉంది.

కొత్త ట్రైనీ
రెండు బేరింగుల్లో ఒకటి హౌసింగులో కదిలేలా ఉండాలని మాకు నేర్పారు. వేడికి షాఫ్టు సాగినప్పుడు దానికి చోటు కావాలి కదా. బేరింగు కదలకుండా పట్టే లొకేటింగ్ రింగులు రెండు బేరింగులకూ పెట్టేశారేమో చూడండి సార్.

వైబ్రేషన్ డైరీ
పాత ఫిట్టర్ గారూ, మీరు చెప్పింది నా మాటకే బలం. బిగించడంలో ఇన్ని చోట్ల తప్పు జరిగే అవకాశం ఉందన్నప్పుడు బిగించే సందర్భాలే తగ్గించాలి. చేతి పని ఎంత తగ్గితే యంత్రం అంత క్షేమం.

పాత ఫిట్టర్
చేతి పని తగ్గితే క్షేమం అంటున్నారు. ఈ మాట నేను మా యాజమాన్యం నోటా విన్నాను. ముందు ఫ్యాన్లకు సెన్సార్లు పెట్టారు. సెన్సార్లు ఉన్నాయి కదా, ఇంతమంది ఫిట్టర్లు ఎందుకన్నారు. పర్మనెంటు వాళ్ళు రిటైరైతే ఆ చోట్లలో ఎవరినీ తీసుకోలేదు. షట్‌డౌన్ వచ్చినప్పుడు కాంట్రాక్టరు లారీలో మనుషుల్ని దింపుతాడు. పోయిన వారం చక్కెర ఫ్యాక్టరీలో రోలర్లు మార్చిన కుర్రాడే ఈ వారం ఇక్కడ ఫ్యాను బేరింగు ముందు కూర్చుంటాడు. అతనికి ఫీలర్ గేజి ఇచ్చేవారు లేరు, కొలత ఎంత ఉండాలో చెప్పేవారు లేరు. బేరింగు మాడితే చూశారా, విప్పడమే తప్పంటారు. విప్పడం తప్పు కాదండీ. విప్పి సరిగ్గా బిగించగల మనిషిని పోగొట్టుకోవడం తప్పు.

వైబ్రేషన్ డైరీ
నేను ఎవరి ఉద్యోగం గురించీ మాట్లాడలేదు. అంకెలు చెప్పాను, మీరు కోపం చెబుతున్నారు.

పాత ఫిట్టర్
అంకెలు అడిగింది నేను. ఇంకా రాలేదు.

పరవాడ సేఫ్టీ
మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. మీ ఇద్దరూ తిరిగే యంత్రాల దగ్గరే ఆగిపోయారు. అసలు తిరగని వాటి సంగతి? సేఫ్టీ వాల్వు, విషవాయువును కడిగే స్క్రబ్బరు, ప్రమాదంలో యంత్రాన్ని దానంతటదే ఆపే ఇంటర్‌లాక్, ఫైరు పంపు. ఇవి రోజూ పని చేయవు, కాబట్టి చెడిపోయినా ఎవరికీ తెలియదు. వైబ్రేషన్ ఉండదు, వేడి ఉండదు, చప్పుడు ఉండదు. అవసరం పడిన రాత్రే తెలుస్తుంది. అలాంటివి పనిచేస్తాయో లేదో తెలుసుకోవాలంటే తేదీ పెట్టుకుని పరీక్షించడం ఒక్కటే దారి. ఈ మాట నౌలన్, హీప్ కూడా చెప్పారు. వాళ్ళ నివేదికలో సగాన్నే ఎందుకు చదువుతున్నారు?

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో ఎంఐసీ అనే విష రసాయనం ట్యాంకును చల్లబరిచే యూనిట్ జూన్ నుంచే ఆపి ఉంది. స్క్రబ్బరు స్టాండ్‌బైలో ఉంది. గ్యాసును కాల్చేయాల్సిన ఫ్లేరు టవరుకు వెళ్ళే పైపు మరమ్మతు కోసం విప్పి ఉంది. మూడు రక్షణలకు మూడూ లేవు. ఆ రోజు ఉదయం దాకా ప్లాంటు 'కండిషన్' బాగున్నట్టే కనిపించి ఉంటుంది.

మన విశాఖ సంగతే చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది పోయారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగున మాత్రమే ఉందని రాష్ట్ర ప్రభుత్వ కమిటీ తేల్చింది. వేడెక్కింది పైభాగం. కంట్రోల్ రూములో కూర్చున్నవారికి కనిపించే అంకె ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. కండిషన్ చూసి నిర్ణయిస్తాం అనేవారు ముందు దీనికి జవాబు చెప్పాలి. మీరు కొలవని చోట ఏం జరుగుతోందో మీకెవరు చెబుతారు?

నూలు మిల్లు
బాగా చెప్పారు. లిఫ్టులకు ఆరు నెలలకోసారి, క్రేన్లకూ చైన్లకూ ఏడాదికోసారి పూర్తి తనిఖీ అని 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఆనాడే రాసింది ఊరికే కాదు.

ఉత్పత్తి షిఫ్టు
నేనూ సిమెంటు ప్లాంటులోనే ఉన్నాను, ఉత్పత్తి వైపు. ఇంతవరకు మా మాట ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతున్నాను. కిల్నును ఆపడం అంటే స్విచ్చు నొక్కడం కాదు. వేడిగా ఉన్న కిల్నును ఊరికే వదిలేస్తే తన బరువుకే షెల్లు వంగుతుంది, అందుకే చల్లారేదాకా నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి. మళ్ళీ వెలిగిస్తే మామూలు వేడికి రావడానికి ఒక రోజుకు తక్కువ పట్టదు. ప్రతి ఆపుడుకూ, ప్రతి వెలిగింపుకూ ఇటుక దెబ్బ తింటుంది. మెయింటెనెన్సు వాళ్ళు అడిగేది ఒక గడువు, తీసుకునేది మరొకటి. అడిగితే స్పేరు రాలేదంటారు, రాత్రి క్రేను ఆపరేటరు లేడంటారు. డిస్పాచ్‌లో లారీలు బారులు తీరి ఉంటే ఫోన్లకు జవాబు చెప్పేది మేము. అవసరం లేని మరమ్మతుకు కిల్ను ఆపవద్దు అనడంలో తప్పేముంది?

పాత ఫిట్టర్
సిమెంటు మెకానికల్ గారూ, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఈ షట్‌డౌన్ అనుకున్న తేదీకే జరిగిందా? ఫ్యానుకు అడిగిన సమయం ఇచ్చారా?

సిమెంటు మెకానికల్
లేదండి. మార్కెట్ బాగుందని రెండుసార్లు వాయిదా వేశారు. చివరికి ఇచ్చినప్పుడు ఫ్యానుకు మూడు షిఫ్టులు అడిగాం, ఒకటిన్నర ఇచ్చారు. కాంట్రాక్టు వాళ్ళు రాత్రిపూట బిగించారు. కప్లింగ్ అలైన్‌మెంట్ చూస్తుండగానే కిల్ను వెలిగిస్తున్నాం, తొందరగా ముగించండి అని ఫోను వచ్చింది.

పాత ఫిట్టర్
మరి దీన్ని గడువు ప్రకారం చేసిన మరమ్మతు అని ఎలా అంటారు? గడువు దాటింది, సమయం సగం కోశారు, కొలత లేదు, మనుషులు కొత్తవాళ్ళు. మాడింది బేరింగు, శిక్ష క్యాలెండరుకా?

వైబ్రేషన్ డైరీ
అదే నేనూ అంటున్నాను. కండిషన్ ప్రకారం పోతే ఈ వాయిదాల గొడవే ఉండదు. రీడింగు హద్దు దాటిన రోజున ఆపుతారు.

పాత ఫిట్టర్
ఎవరు ఆపుతారు?

వైబ్రేషన్ డైరీ
మెయింటెనెన్సు విభాగం రిపోర్టు ఇస్తుంది.

పాత ఫిట్టర్
రిపోర్టు ఇస్తుంది, సరే. కిల్ను ఆపే అధికారం ఎవరిది? నా కథ చెబుతాను. ఒక కన్వేయరు గేరుబాక్సులో నూనె తీసి చూస్తే ఇత్తడి పొడి మెరుస్తోంది. వర్మ్ వీలు అరిగిపోతోందని లాగ్ బుక్కులో రాశాను, ఆపాలని రాశాను. మర్నాడు వచ్చేసరికి ఆ పేజీ కింద 'పరిశీలించబడినది, నడపవచ్చు' అని వేరొకరి సంతకం. పక్కన నా సంతకం కూడా కావాలన్నారు. పెట్టలేదు. నెల తిరక్కముందే నన్ను స్టోర్సుకు మార్చారు. చేతిలో స్పానరు పట్టినవాడిని బోల్టులు లెక్కపెట్టడానికి కూర్చోబెట్టారు. గేరుబాక్సు తర్వాత పగిలింది, అప్పుడు ఎవరూ నా పేజీ తీసి చూడలేదు. మీ సెన్సారు చెప్పినా ఇంతే జరుగుతుంది. గ్రాఫు ఎర్రగీత దాటుతుంది, ఇంకో వారం చూద్దాం అంటారు.

ఉత్పత్తి షిఫ్టు
అందరినీ ఒకే గాటన కట్టకండి. ఇంకో వారం చూద్దాం అన్నది నేనూ అన్నాను, నిజమే. అలా చూసిన వాటిలో ఎక్కువ భాగం ఏమీ కాలేదు. మీరు ఆపమన్న ప్రతిసారీ ఆపితే ప్లాంటు మూతపడుతుంది.

పాత ఫిట్టర్
ఏమీ కాలేదని ఎలా తెలుసు? ఇంకో వారం చూసిన ఖర్చు మీ షిఫ్టు ఖాతాలో పడదు. ఆగినప్పుడు అది 'మెకానికల్ బ్రేక్‌డౌన్' అని మా ఖాతాలో పడుతుంది. ఉత్పత్తి టన్నులు మీ పేరు మీద, ఆగిన గంటలు మా పేరు మీద. లెక్క ఇలా రాసినంత కాలం మీరు ఆపరు, మేము ఆపలేము.

పరవాడ సేఫ్టీ
ఇదీ అసలు విషయం. క్యాలెండరా, సెన్సారా అన్నది రెండో ప్రశ్న. 1988 జులైలో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద ఒక పంపు సేఫ్టీ వాల్వును పగటి షిఫ్టు తీసి, ఆ చోటును బ్లైండు ఫ్లాంజి అనే లోహపు మూతతో మూసింది. రెండో పంపు ఆగిపోయినప్పుడు రాత్రి షిఫ్టుకు ఆ వాల్వు లేని సంగతి తెలియదు, మొదటి పంపునే నడిపారు. 167 మంది పోయారు. పర్మిట్ కాగితాలు ఉన్నాయి, చేరవలసిన చేతికి చేరలేదు. తర్వాత విచారణలో తేలిన మరో సంగతి, పక్క వేదికలు మంటలు కనిపిస్తున్నా చమురు పంపడం వెంటనే ఆపలేదు. ఆపే నిర్ణయం ఎవరిదో అక్కడివారికి స్పష్టంగా లేదు.

వైబ్రేషన్ డైరీ
దీనితో నాకు పేచీ లేదు. హద్దు ముందే రాసుకోవాలి, దాటితే ఆపాలి, ఆపకపోతే కారణం రాసి సంతకం పెట్టాలి. కానీ బాగున్న బేరింగును విప్పకూడదన్న నా మాట మీద నేను ఉన్నాను.

ఉత్పత్తి షిఫ్టు
సంతకం నేను పెట్టాలంటే సమయం కూడా నాకు ముందే తెలియాలి. మూడు షిఫ్టులు అంటే మూడే. నాలుగోది అడిగితే ఆ కారణం కింద మెకానికల్ వాళ్ళ సంతకం. దీనికి మీరు ఒప్పుకుంటారా?

పాత ఫిట్టర్
ఒప్పుకుంటాను. మూడడిగితే ఒకటిన్నర ఇచ్చినప్పుడు కోసినవారి సంతకం కూడా అదే కాగితం మీద.

సిమెంటు మెకానికల్
వచ్చే నెల ఇటుక పనికి కిల్ను ఎలాగూ ఆగుతుంది. ఫ్యాను అవతలివైపు బేరింగు విప్పను, రీడింగులు బాగున్నాయి. మాడిన వైపు బిగించింది మాత్రం మళ్ళీ తెరిచి సందు కొలుస్తాను. షట్‌డౌన్ కాగితంలో వాయిదాకు ఒక గడి, సమయం తగ్గించినందుకు ఒక గడి అడుగుతాను. మా ప్లాంటు హెడ్ ఒప్పుకుంటారని ఇప్పుడే చెప్పలేను.

బాయిలర్ గది
గ్రీజు కూడా చూడండి.

పాత ఫిట్టర్
నట్టు వదులు చేసే ముందే ఒకసారి, చేశాక ఒకసారి కొలవండి. రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. కొలిచేటప్పుడు ఆ కాంట్రాక్టు కుర్రాణ్ణి పక్కన నిలబెట్టుకుని ఫీలర్ గేజి అతని చేతికే ఇవ్వండి.