కొరియా బడిలో ఇంగ్లిషు చెప్పడానికి వెళ్తున్న సోదరికి

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది వరంగల్. ఇంగ్లిషులో ఎమ్మే, బీఎడ్ చేసి కొన్నేళ్లుగా హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఫిబ్రవరి నెలాఖరుకు దక్షిణ కొరియాలోని గాంగ్వన్ ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాలలో చేరవలసి ఉంది. అక్కడి పిల్లలతో ఎలా మెలగాలో, మాంసం తినని నాలాంటివాళ్లకు భోజనం ఎలా జరుగుతుందో అనుభవజ్ఞులు చెప్పగలరు. రాజధాని సోల్‌లోని ఒక ట్యూషన్ కేంద్రం ఎక్కువ జీతం ఇస్తామంటోంది. ఆ మాట కూడా ఆలోచించవచ్చా?

జవాబు

అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో పొరపాటు జరిగితే మిగతా సలహాలతో మీకు పని ఉండదు. ఇంగ్లిషు బోధనకు కొరియా ఇచ్చే ఇ-2 వీసా మామూలుగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే దొరుకుతుంది. 2010 జనవరిలో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులకు బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా పనిచేసే వీలు కల్పించింది. ఆ వీలు హాగ్వన్‌లనే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలకు వర్తించదు. బడిలో పనిచేస్తూ సాయంత్రం ఎవరింట్లోనో ట్యూషన్ చెప్పడం కూడా నేరమే. ఎంత జీతం చూపినా వద్దనండి. దిగిన 90 రోజుల లోపు ఇమిగ్రేషన్ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు కార్డు చేతికి వచ్చేదాకా బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షను రెండూ కష్టమే కనుక మొదటి నెల ఖర్చులకు సరిపడా డబ్బు వెంట తీసుకువెళ్లండి.

ఇక పిల్లల సంగతి. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మూడో తరగతి నుంచి మొదలవుతుంది, పీరియడు 40 నిమిషాలు. ఒకే గదిలో ఒక అమ్మాయి బడిలో చేరకముందు నుంచే హాగ్వన్‌కు వెళ్లి కథల పుస్తకాలు చదివేస్తుంటే, ఆమె పక్కన కూర్చున్న పిల్లవాడికి అక్షరాలే కుదురుకొని ఉండవు. చిన్న తరగతుల పిల్లలు ప్రశ్న పూర్తి కాకముందే చేతులెత్తి అరుస్తారు. ఆరో తరగతికి వచ్చేసరికి వాళ్లే నోరు మెదపరు. తోటివారి ముందు తప్పు పలకడం అవమానంగా తోచే వయసు కావడం ఒక కారణమైతే, గొప్పలకు పోతున్నారని స్నేహితులు అనుకుంటారేమోనన్న బెరుకు మరొకటి. అందువల్ల చక్కగా పలకగలిగిన పిల్లలు కూడా కావాలనే కొరియా యాసలో పలుకుతారు. ఆ మౌనాన్ని చూసి వీళ్లకు ఏమీ రాదని అనుకోకండి, ఒక్కరిని నిలబెట్టి అడగకండి. ముందు ఇద్దరిద్దరిని మాట్లాడుకోనివ్వండి, తరువాత జట్టు మొత్తాన్ని జవాబు చెప్పనివ్వండి. ఎవరు మొదలుపెట్టాలన్న తగవును గావి-బావి-బో అనే కత్తెర, రాయి, గుడ్డ ఆటకు వదిలేయండి. దాని తీర్పును ఏ పిల్లవాడూ కాదనడు.

ఇంగ్లిషు వాళ్ల నెత్తిన ఎంత బరువో చెప్పడానికి ఒక్క విషయం చాలు. నవంబరులో జరిగే సునుంగ్ అనే కళాశాల ప్రవేశ పరీక్షలో ఇంగ్లిషు విని జవాబు రాసే భాగం నడుస్తున్నంతసేపు దేశమంతటా విమానాల రాకపోకలు ఆపేస్తారు. సోల్‌లోనైతే హాగ్వన్‌లు రాత్రి 10 గంటలకు మూసేయాలని నిబంధనే పెట్టవలసి వచ్చింది. ఇంటర్మీడియట్ చదువుల ఒత్తిడిని దగ్గరగా చూసిన మనకు ఆ పిల్లల అలసట వేరే వివరించనక్కరలేదు. మార్కుల భయం లేని ఇంగ్లిషు వాళ్లకు మీ గదిలో మాత్రమే దొరకవచ్చు కాబట్టి, దయచేసి దాన్ని మరో పరీక్షగా మార్చకండి. నేను చెప్పదలచిన వాటిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే.

పిల్లలు మీ వయసు, పెళ్లి, బొట్టు, ఒంటి రంగు గురించి సూటిగా అడుగుతారు. అది కుతూహలమే కనుక నిదానంగా చెప్పండి. వెక్కిరింపు అయితే మాత్రం నవ్వి వదిలేయకుండా ఆ రోజే మీతో కలిసి పాఠం చెప్పే కొరియా సహోపాధ్యాయురాలి దృష్టికి తీసుకువెళ్లండి. గ్రామీణ బడుల్లో వియత్నాం, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన తల్లుల పిల్లలు కూడా చదువుతుంటారు. మీరు ఊరుకుంటే రేపు ఆ మాటలు వాళ్ల మీదికి మళ్లుతాయి.

క్రమశిక్షణ బాధ్యత సహోపాధ్యాయురాలికే వదలండి. కొట్టడాన్ని చట్టం ఒప్పదు, మందలింపు సైతం తల్లిదండ్రుల ఫిర్యాదు దాకా వెళ్లవచ్చు. 2023లో సోల్‌లో ఒక యువ ఉపాధ్యాయురాలి మరణం తరువాత వేలాది ఉపాధ్యాయులు వీధుల్లోకి వచ్చి రక్షణ కోరారు, ఆ సెప్టెంబరులోనే చట్టాలను సవరించారు. మీ సహోపాధ్యాయురాలు ఎందుకంత ఆచితూచి మాట్లాడుతుందో ఇది తెలిస్తే అర్థమవుతుంది. అలాగే 2016లో వచ్చిన అవినీతి నిరోధక చట్టం వల్ల పిల్లల తల్లులు పంపే కాఫీని కూడా మీరు పుచ్చుకోకూడదు. మర్యాదగా తిప్పి పంపితే ఎవరూ నొచ్చుకోరు.

భోజనం విషయంలో మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి. బడిలో ఇచ్చే నెలవారీ భోజన పట్టికలో ప్రతి వంటకం పక్కన అలర్జీ అంకెలు ఉంటాయి: 9 రొయ్య, 10 పంది మాంసం, 15 కోడి, 16 గొడ్డు మాంసం. కొరియన్ రాకపోయినా ఆ అంకెలు చూసుకోవచ్చు. అయితే పులుసుల్లో వాడే నెత్తళ్ల రసానికి ఏ అంకే లేదు, కిమ్చీ అనే పులియబెట్టిన కూరగాయల పచ్చడిలో చేపల సారమో ఉప్పు రొయ్యలో కలుపుతారు. కాబట్టి డబ్బా తెచ్చుకుంటానని ముందే చెప్పి, అందరితో కలిసి అదే బల్ల దగ్గర తినండి. భోజనాల గదికి రాకుండా ఒంటరిగా తినేవారిని అక్కడ దూరంగా మసలేవారిగా చూస్తారు.

మరొక జవాబు

పై సోదరి చెప్పినవాటికి రెండు మాటలు కలుపుతాను. గాంగ్వన్ చలి తీవ్రంగా ఉంటుంది కానీ ఇళ్లలో నేల కిందనే వేడి ఉంటుంది కాబట్టి గదిలో ఇబ్బంది లేదు, బయటికే మంచి కోటు కావాలి. కందిపప్పు, చింతపండు సోల్‌లో ఇతేవన్ మసీదు చుట్టుపక్కల దుకాణాల్లో దొరుకుతాయి. పెరుగు కొనేటప్పుడు చక్కెర లేనిదని చూసి కొనండి. బడిలోపల తొడుక్కోవడానికి వేరే చెప్పుల జత కావాలి. మీ బడి ఏ ఊళ్లోనో తెలిశాక ఇక్కడే రాయండి, దగ్గర్లో మనవాళ్లు ఎవరున్నారో కనుక్కొని చెబుతాను.