మైక్రోవేవ్ తిరుగుతోంది, కానీ వేడెక్కడం లేదు

ప్రశ్న: లైటు వెలుగుతోంది, ప్లేటు తిరుగుతోంది, ఫ్యాను శబ్దం కూడా వస్తోంది, కానీ నిన్నటి నుంచి అన్నం ఎంతసేపు పెట్టినా చల్లగానే ఉంటోంది. ఇంట్లో మల్టీమీటర్ (కరెంటు, వోల్టేజీ కొలిచే పరికరం) ఉంది, విప్పి చూడనా?

జవాబు: వద్దండీ, దయచేసి విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపల ఛార్జ్ నిల్వ ఉంచే కెపాసిటర్‌లో 2000 వోల్టుల దాకా ఛార్జ్ నిలిచి ఉండొచ్చు, చెయ్యి తగిలితే ప్రాణానికే ప్రమాదం. ముందు ఒక కప్పు నీళ్లు పెట్టి 2 నిమిషాలు ఫుల్ పవర్‌లో నడపండి. గోరువెచ్చగా కూడా కాకపోతే డయోడో (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం), కెపాసిటరో, మాగ్నెట్రానో (వేడి చేసే తరంగాలు పుట్టించే భాగం) పోయి ఉండొచ్చు, మామూలు కంటే గట్టిగా మోత వస్తుంటే నాకైతే డయోడ్ మీదే అనుమానం.

ఇంకో జవాబు: మాకూ ఇలాగే అయింది, చివరికి చూస్తే డోర్ స్విచ్. చాలా చిన్న పార్టు. మాగ్నెట్రాన్ మార్చాలంటే మాత్రం ముందు రేటు కనుక్కోండి, పాత ఓవెన్‌కి అంత పెట్టడం దండగ.

ప్రశ్న అడిగినవారు: నీళ్లు అస్సలు వేడెక్కలేదు, మోత గట్టిగానే ఉంది. రేపు మెకానిక్‌ని పిలుస్తాను.